180 లీటర్ల రీఫ్ ట్యాంకులో రోజుకు 2 లీటర్ల నీటి మార్పు: 165 రోజుల ప్రాజెక్టు డైరీ

ట్యాంకు, దానిలోని నీటి లెక్క

పగడాలు పెంచే ఈ ఉప్పు నీటి (రీఫ్) ట్యాంకు నల్లగొండలోని మా ఇంటి హాలులో ఉంది. అద్దాల కొలత 90×45×45 సెంటీమీటర్లు, దాని కింద సంప్, అంటే ట్యాంకు నీరు తిరుగుతూ వచ్చే రెండో తొట్టి. అద్దాల కొలతను గుణించి వచ్చే అంకె ఈ పనికి చాలదు, ఎందుకంటే రాళ్లు కొంత చోటు ఆక్రమిస్తాయి, సంప్ సగం మేరకే నిండి ఉంటుంది. రాళ్లు సర్దిన తరువాత మొదటిసారి నీరు నింపినప్పుడు 20 లీటర్ల క్యాన్లు తొమ్మిది పట్టాయి. అంటే అసలు నీరు 180 లీటర్లు. కింద వచ్చే లెక్కలన్నీ ఈ అంకె మీదే ఆధారపడి ఉన్నాయి కనుక, దీన్ని అనుసరించదలచిన వారు ముందుగా తమ ట్యాంకు అసలు నీటిని క్యాన్లతో కొలుచుకోవాలి.

మొదలుపెట్టినప్పుడు ట్యాంకులో రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, ఏడు టర్బో నత్తలు, మెత్తటి పగడాలైన ఒక లెదర్ కోరల్, కొన్ని మష్రూమ్ కోరల్స్, వాటి బంధువులైన జోవాంతిడ్‌లు మూడు రంగులవి ఉన్నాయి. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో షెడ్యూల్ 1లో ఉన్నాయి, కాబట్టి వాటి జోలికి వెళ్లలేదు. ఈ ఎంపిక నీటి మార్పు లెక్కను కూడా ప్రభావితం చేస్తుంది. ఆ సంగతి ఐదో దశలో వస్తుంది.

గతంలో నెలకొకసారి 60 లీటర్లు మార్చేవాణ్ణి. మార్చిన ప్రతిసారీ లెదర్ కోరల్ రెండు మూడు రోజులు ముడుచుకునే ఉండేది. అదే 60 లీటర్లను రోజుకు 2 లీటర్ల చొప్పున మార్చాలని ఫిబ్రవరి 1న మొదలుపెట్టాను. ఈ రెండూ పూర్తిగా సమానం కావని ముందే చెప్పాలి. ఒకేసారి 60 లీటర్లు తీస్తే పాత నీటిలో 33.3 శాతం పోతుంది. రోజూ 2 లీటర్లు తీసినప్పుడు, నిన్న పోసిన కొత్త నీటిలో కొంత భాగం కూడా ఈరోజు బయటికి పోతుంది కనుక, 30 రోజులకు పోయే పాత నీరు 28.5 శాతమే. ఈ తేడా చిన్నదే కనుక అంగీకరించాను.

మొదటి దశ: చేత్తో మార్చడం (1–24 రోజులు)

పద్ధతి సులభంగానే కనిపించింది. సంప్ నుంచి రెండు లీటర్ల మగ్గుతో నీరు తీయడం, సంప్ అద్దానికి అంటించిన టేపు గీత వరకు కొత్త ఉప్పు నీరు పోయడం, అంతే. లవణీయత మొదటి రోజున 35 పీపీటీ, అంటే వెయ్యి భాగాల నీటిలో 35 భాగాల ఉప్పు. 24వ రోజున రిఫ్రాక్టోమీటర్‌లో (లవణీయత కొలిచే పరికరం) చూస్తే 34 గీతకు కొంచెం కిందికి, సుమారు 33.8కి దిగింది.

ముందుగా రిఫ్రాక్టోమీటర్‌ను అనుమానించాను. దాన్ని శుద్ధ జలంతో సున్నాకు సరిచేయడం చాలామంది చేసే పొరపాటు, నేనూ అలాగే చేసేవాణ్ణి. మనం చదివే అంకె 35 దగ్గర ఉంటుంది కనుక సరిచూడటం కూడా అక్కడే జరగాలి. వంటింటి తూకంపై 963.5 గ్రాముల శుద్ధ జలంలో 36.5 గ్రాముల పొడి ఉప్పు కరిగిస్తే, ఆ ద్రావణం రిఫ్రాక్టోమీటర్‌లో 35 పీపీటీ సముద్రపు నీరు చూపించినట్లే చూపిస్తుంది. దానితో సరిచూసినా ట్యాంకు నీరు 33.8 దగ్గరే ఉంది. అంటే లోపం పరికరంలో కాదు, పోసే పద్ధతిలో ఉంది.

కారణం టేపు గీత. నేను 2 లీటర్లు తీయగానే సంప్‌లో మట్టం తగ్గుతుంది. ఆవిరైన నీటికి బదులు బకెట్ నుంచి ఉప్పు లేని మంచినీరు పోసే పరికరం ఆటో టాప్‌అప్. మట్టం తగ్గిందని అది వెంటనే మంచినీరు పోయడం మొదలుపెడుతుంది. నేను బకెట్ తెచ్చి పోసేలోపు సుమారు 300 మిల్లీలీటర్ల మంచినీరు చేరిపోతుంది. ఆ తరువాత గీత వరకు నింపడానికి 1.7 లీటర్ల ఉప్పు నీరే సరిపోతుంది. ఇలా రోజుకు 300 మిల్లీలీటర్ల ఉప్పు నీరు, అంటే దాదాపు 10 గ్రాముల ఉప్పు ట్యాంకుకు తిరిగి రాకుండా పోయింది. కొలిచిన 2 లీటర్లు తీసి, కొలిచిన 2 లీటర్లు పోసి ఉంటే, మధ్యలో ఆటో టాప్‌అప్ పనిచేసినా నష్టం ఉండేది కాదు. ముందుగా చేరిన ఆ మంచినీరు సాయంత్రానికి ఆవిరైపోయి మట్టం తనంతట తానే సర్దుకునేది. కాబట్టి నీటి మార్పుకు గీతను కొలతగా ఎన్నడూ వాడకూడదు.

సరిదిద్దడం కూడా నెమ్మదిగానే చేశాను. మూడు రోజులపాటు టాప్‌అప్ బకెట్‌లో మంచినీటికి బదులు ఉప్పు నీరు ఉంచాను. రోజుకు 2 లీటర్ల చొప్పున 6 లీటర్లు చేరేసరికి లవణీయత 35కు వచ్చింది.

ఇప్పటివరకు: బయటికి 48 లీటర్లు, లోపలికి 41 లీటర్లు, సరిదిద్దడానికి మరో 6 లీటర్లు.

రెండో దశ: మగ్గు బదులు తూకం (25–45 రోజులు)

మగ్గు మీద గీతలు నమ్మదగినవి కావు. రెండు మగ్గులను పోల్చి చూస్తే 2 లీటర్ల గీత దగ్గరే 70 మిల్లీలీటర్ల తేడా వచ్చింది. అందువల్ల వంటింట్లో వాడే డిజిటల్ తూకాన్ని తెచ్చుకున్నాను. 25 డిగ్రీల వద్ద 35 పీపీటీ ఉప్పు నీరు లీటరుకు 1.023 కిలోలు తూగుతుంది, కనుక 2 లీటర్లంటే 2,047 గ్రాములు. రోజూ చేసిన పని ఇది:

1. ఆటో టాప్‌అప్ స్విచ్ ఆపడం.
2. తూకంపై ఖాళీ క్యాన్ పెట్టి సున్నా చేసి, పైపుతో 2,047 గ్రాముల నీరు దించడం.
3. అదే క్యాన్‌ను కడిగి, 2,047 గ్రాముల కొత్త నీరు తూచి సంప్‌లో నెమ్మదిగా పోయడం.
4. టాప్‌అప్ స్విచ్ మళ్లీ వేయడం.

రెండో అంశంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. పైపును నోటితో పీల్చి నీరు దించకూడదు. జోవాంతిడ్ జాతుల్లో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. పైపును నీటిలో పూర్తిగా ముంచి, రెండో చివరను వేలితో మూసి బయటికి తీస్తే సరిపోతుంది. చేతికి గ్లవుజు, కంటికి అద్దాలు ఉండాలి.

తూకంతో లవణీయత 21 రోజులు కదలలేదు. అయితే ఈ దశలోనే ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే పెద్ద నష్టం జరిగింది.

33వ రోజున ట్యాంకు కోసం వాడే ఆర్‌వో మెంబ్రేన్ పనిచేయడం మానేసింది. మా బోరు నీటి టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) 1,150. అంత కాఠిన్యానికి మెంబ్రేన్ పూడుకుపోయింది. కొత్తది వచ్చే వరకు వంటింట్లో అప్పుడే బిగించిన ఆర్‌వో నీటితోనే ఉప్పు నీరు కలిపాను, టాప్‌అప్ బకెట్ కూడా దానితోనే నింపాను. 38వ రోజు ఉదయం రెండు నత్తలు ఇసుకపై వెల్లకిలా పడి ఉన్నాయి. తిప్పి అద్దానికి ఆనిస్తే పట్టుకోలేక మళ్లీ జారిపోయాయి. సాయంత్రానికి మూడోది కూడా పడిపోయింది. అప్పుడు వంటింటి ఆర్‌వో మూత తెరిచి చూశాను. చివరి గొట్టంపై రాగి కార్ట్రిడ్జ్ అని రాసి ఉంది. తాగేవారికి రాగి కలిపి ఇవ్వడం దాని పని. నత్తలు, రొయ్యలు, పగడాల వంటి వెన్నెముక లేని జీవులకు రాగి అతి తక్కువ మోతాదులో కూడా విషమే. రాగి పరీక్ష కిట్‌లో వంటింటి నీరు రంగు చూపింది, పాత ఆర్‌వో నీటి నిల్వ చూపలేదు. అదే ఆర్‌వోలో టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర కూడా ఉంది. రుచి కోసం శుద్ధి కాని నీటిని కొంత తిరిగి కలుపుతుంది కనుక, అదీ ట్యాంకుకు పనికిరాదు.

ఇటువంటి ఆపదలో రోజుకు 2 లీటర్ల పద్ధతి పనికిరాదని గట్టిగా చెప్పాలి. ఆ లెక్కన 90 రోజులు గడిచినా విషంలో 63 శాతమే బయటికి పోతుంది. అందుకే కొత్త మెంబ్రేన్ బిగించిన రోజునా, ఆ మరునాడూ 50 లీటర్ల చొప్పున మార్చి, సంప్‌లో యాక్టివేటెడ్ కార్బన్ సంచి పెట్టాను. రెండు మార్పులతో 48 శాతం పోయింది. మూడు నత్తలు చనిపోయాయి, నాలుగు బతికాయి. లెదర్ కోరల్ పది రోజుల తరువాత విచ్చుకుంది.

అప్పటి నుంచి ట్యాంకు ఆర్‌వోకు బోరు నీరు ఆపి, మిషన్ భగీరథ నల్లా నీరు ఇస్తున్నాను. ఆ కృష్ణా నీటి టీడీఎస్ మా ఇంట్లో 300 నుంచి 350 మధ్య ఉంది. దానిలో క్లోరిన్ ఉంటుంది కనుక మెంబ్రేన్‌కు ముందు కార్బన్ బ్లాక్ (క్లోరిన్‌ను ఆపే బొగ్గు వడపోత) తప్పదు. మెంబ్రేన్ తరువాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) గుండా వచ్చే నీటి టీడీఎస్ సున్నా చూపాలి, 1 చూపిన రోజున రెసిన్ మార్చాలి.

నల్లగొండ నీళ్లనగానే ఎవరైనా ముందు ఫ్లోరైడ్ గురించే అడుగుతారు. రీఫ్ ట్యాంకుకు అసలు ఇబ్బంది అది కాదు. సముద్రపు నీటిలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ సహజంగా ఉంటుంది. మన తాగునీటి ప్రమాణం 1.0, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు అనుమతి. ట్యాంకు కోసం ఆర్‌వో తీసివేయాల్సినవి నైట్రేట్, సిలికా, లోహాలు. ఫ్లోరైడ్ విషయంలో మనుషులు జాగ్రత్త పడాల్సింది ఆర్‌వో బయటికి వదిలే నీటి దగ్గర. బోరు నీటి ఫ్లోరైడ్ దానిలో మరింత చిక్కబడుతుంది కనుక, ఆ నీటిని వాకిలి కడగడానికే వాడుతున్నాము. పశువుల తొట్టిలో పోయడం లేదు.

ఇప్పటివరకు: బయటికి 90 లీటర్లు, లోపలికి 89 లీటర్లు (సరిదిద్దిన 6 కలిపి), ఉప్పు సుమారు 3.4 కిలోలు. ఆపద మార్పు 100 లీటర్లు, దానికి పట్టిన ఉప్పు 3.8 కిలోలు విడిగా.

మూడో దశ: రెండు తలల డోసింగ్ పంపు (46–85 రోజులు)

మార్చి 18న రెండు తలల పెరిస్టాల్టిక్ పంపు బిగించాను. ఇది రోలర్లతో గొట్టాన్ని నొక్కుతూ కొద్దికొద్దిగా నీరు పంపే డోసింగ్ పంపు, ఒక్కో గొట్టం, దాని రోలర్లు కలిపి ఒక తల. ఒక తల సంప్ నుంచి నీరు తీసి ఖాళీ క్యాన్‌లో పోస్తుంది, రెండోది 40 లీటర్ల డ్రమ్ము నుంచి కొత్త నీరు తెస్తుంది. రోజుకు 12 విడతలు. బిగించే ముందు పంపును బల్ల మీద పెట్టి, రెండు పైపులనూ ఒకే టబ్బులో ముంచి కొలిచాను. రెండు తలలూ సమానంగానే ఇచ్చాయి. అది చూసి నిశ్చింతగా ఉండటమే నా తప్పు.

40 రోజులు నడిచాక లెక్కల పుస్తకమే లోపాన్ని బయటపెట్టింది. ఆ 40 రోజుల్లో డ్రమ్ము నుంచి 80 లీటర్లు ఖర్చు కావాలి. నేను కలిపి పోసిన ఉప్పు నీరు 76 లీటర్లే. బయటి క్యాన్లు తూచిన లెక్క 82 లీటర్లు. అప్పుడు రిఫ్రాక్టోమీటర్ చూస్తే 34. పంపును ఉన్నచోటే ఉంచి ఒక్కో తలను విడిగా తూచాను. బయటికి రోజుకు 2,050 మిల్లీలీటర్లు, లోపలికి 1,900.

కారణాలు రెండు. డ్రమ్ము నేల మీద ఉంది, లోపలికి వచ్చే నీరు మీటరుకు పైగా ఎక్కాలి. బయటికి పోయే నీటికి అంత ఎత్తు లేదు. బల్ల మీద ఈ తేడా కనిపించదు. రెండోది, తలలోని సిలికాన్ గొట్టం రోలర్ల కింద నలిగి క్రమంగా సాగుతుంది, రెండు గొట్టాలూ ఒకే వేగంతో సాగవు.

ఇక్కడ ఆటో టాప్‌అప్ చేసే పనిని ప్రతి ఒక్కరూ గమనించాలి. అది లేకుండా ఆవిరయ్యే నీటిని మాత్రమే కొలిచి పోస్తుంటే, రోజుకు 150 మిల్లీలీటర్ల తేడా వల్ల సంప్ మట్టం వారంలోనే లీటరు తగ్గి, లోపం కంటికి కనిపించేది. టాప్‌అప్ ఉండటం వల్ల ఆ ఖాళీ రోజూ మంచినీటితో నిండింది, మట్టం మాత్రం ఎప్పటిలాగే నిలకడగా కనిపించింది. రోజుకు 5 గ్రాముల ఉప్పు పోతున్నా చూసేవారికి ఏ తేడా తెలియదు. ఈ ప్రాజెక్టులో నాకు అర్థమైన ముఖ్య విషయం ఇదే: నీటి మార్పు చిన్నదా పెద్దదా అన్నదాని కంటే, బయటికి పోయింది, లోపలికి వచ్చింది సమానమా కాదా అన్నదే ముఖ్యం. ఆ సమానత్వాన్ని మట్టం చూసి తెలుసుకోవడం సాధ్యం కాదు, తూచి మాత్రమే తెలుసుకోగలం.

చేసిన మార్పులు:

1. డ్రమ్మును స్టూలుపైకి ఎక్కించి, దాని నీటి మట్టం సంప్ మట్టానికి దగ్గరగా ఉండేలా చేశాను.
2. పంపు, పైపులు తమ చోట ఉండగానే ఒక్కో తలను 10 నిమిషాలు నడిపి, వచ్చిన నీటిని తూచి, రెండు తలలకూ వేర్వేరు సమయాలు పెట్టాను.
3. డ్రమ్ము అడుగున ఒక ఫ్లోట్ స్విచ్ పెట్టి, రెండు తలల కరెంటూ దాని గుండానే పోయేలా కలిపాను. డ్రమ్ము ఖాళీ అయితే రెండూ ఆగిపోతాయి. ఇది లేకపోతే బయటికి పోవడం సాగుతూనే ఉంటుంది, లోపలికి మంచినీరే వస్తుంది, లవణీయత రోజుకు 0.39 చొప్పున పడిపోతుంది.
4. ప్రతి నెలా 1న, 15న తూకం.

లవణీయతను తిరిగి 35కు తేవడానికి టాప్‌అప్ బకెట్‌లో 5 లీటర్ల ఉప్పు నీరు పట్టింది.

ఈ దశలోనే ఒక చెట్టు కూడా నష్టపోయింది. బయటి క్యాన్ పది రోజులకు నిండేది. నేను ఆఫీసుకు వెళ్లిన సమయంలో మా అమ్మ నీళ్లు వృథా పోతున్నాయని రెండు క్యాన్లు పెరట్లోని బత్తాయి మొక్క మొదట్లో పోసింది. 20 లీటర్ల క్యాన్‌లో 700 గ్రాముల ఉప్పు ఉంటుంది, రెండు క్యాన్లకు కిలో నాలుగు వందల గ్రాములు. ముందు ఆకుల అంచులు మాడాయి, తరువాత ఆకులు పచ్చగా ఉండగానే రాలడం మొదలైంది. "ఉప్పు నీళ్లని ఒక మాట చెప్పొద్దా బిడ్డా, చేపల నీళ్లు చెట్టుకు బలమనుకున్న" అంది. ఆమె మాటలో తప్పు లేదు, మంచినీటి చేపల తొట్టి నీరు మొక్కలకు మంచిదే. పాదును రెండు రోజులు నీటితో కడిగినా కొమ్మలు ఎండిపోయాయి. జులైలో చిగుళ్లు వచ్చాయి కానీ అంటు కట్టిన చోటుకు కింద నుంచి వచ్చాయి కనుక అవి బత్తాయివి కావు. ఇప్పుడు బయటి పైపును నేరుగా బాత్రూం మోరీలోకి వదిలాను. నెలకు 2 కిలోలకు పైగా ఉప్పు పోయే నీటిని ఏ మట్టిలోనూ పోయకూడదు.

పైపు మోరీలోకి మారడం వల్ల బయటి నీటిని తూచే అవకాశం పోయింది. అందుకే పైపుకు ఒక టీ జాయింటు (మూడు దారుల గొట్టం) కలిపి, 1న, 15న మాత్రం నీరు క్యాన్‌లో పడేలా తిప్పుతున్నాను.

ఇప్పటివరకు: బయటికి 172 లీటర్లు, లోపలికి 165, సరిదిద్దిన 5 కలిపితే 170. ఉప్పు సుమారు 6.5 కిలోలు.

నాలుగో దశ: డ్రమ్ములో తెల్ల పొర, ఎండాకాలం (86–130 రోజులు)

డ్రమ్ము స్టూలు మీదికి ఎక్కించేటప్పుడు దాని అడుగున వేలితో గీరితే వచ్చేంత తెల్లని పొర కనిపించింది. లోపలి చిన్న పంపు రెక్కకూ అదే పట్టింది. కలిపిన రోజున 8.4 డీకేహెచ్ ఉన్న ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్ల నిల్వ, డీకేహెచ్ దాని కొలమానం), 16 రోజులు నిల్వ ఉన్న నీటిలో 7.1కి పడిపోయింది. ఉప్పు నీటిలోని కాల్షియం, కార్బొనేట్ కలిసి సున్నపు పొరగా అడుగున చేరాయి. ఏప్రిల్ చివరలో ఆ గది 36 డిగ్రీలు ఉండటం, పంపు రోజంతా తిరగడం దీనికి తోడయ్యాయి. రోజుకు 2 లీటర్లకు 40 లీటర్లు కలిపి పెట్టుకోవడం అంటే 20 రోజుల నిల్వ. అంత అవసరం లేదు.

ఇప్పుడు వారానికి 14 లీటర్లే కలుపుతున్నాను:

1. ఆదివారం డ్రమ్ము అడుగున మిగిలినది పారబోసి, లోపల బట్టతో తుడవడం.
2. సున్నా టీడీఎస్ నీరు 14 లీటర్లు పోసి, చిన్న పంపు ఆన్ చేయడం.
3. 530 గ్రాముల ఉప్పును కొంచెం కొంచెంగా వేయడం. నీటిని ఉప్పులో పోయకూడదు, ఉప్పునే నీటిలో వేయాలి.
4. నీరు తేటపడ్డాక లవణీయత చూసి సరిచేయడం, పంపు తీసేసి మూత పెట్టడం.

ఉప్పు లీటరుకు 38 గ్రాములు పడుతుంది, 35 కాదు, ఎందుకంటే పొడిలోనే కొంత తేమ ఉంటుంది. సంచి తెరిచి ఉంటే ఈ అంకె ఇంకా పెరుగుతుంది. గాలి చొరని డబ్బాలో ఉంచాక మళ్లీ గడ్డ కట్టలేదు.

ఎండాకాలం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చిల్లర్ లేదు, సంప్ మీద రెండు చిన్న ఫ్యాన్లతో ట్యాంకును 28 డిగ్రీలకు లోపే ఉంచగలిగాను. ఒక లీటరు ఆవిరైతే 180 లీటర్ల నుంచి 3 డిగ్రీలకు పైగా తగ్గించగల వేడి పోతుంది. దానికి మూల్యం నీరే. ఫిబ్రవరిలో రోజుకు 1.8 లీటర్లు ఆవిరయ్యేది, మే మూడో వారంలో 5 లీటర్లకు చేరింది. 20 లీటర్ల టాప్‌అప్ బకెట్ నాలుగు రోజులకే ఖాళీ అయ్యేది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా డోసింగ్ పంపు గడియారం సున్నాకు వెళ్లి అదే రోజు విడతలను మళ్లీ మొదటి నుంచి నడిపింది. రెండు తలలూ సమానంగా ఉన్నాయి కాబట్టి లవణీయత మారలేదు, డ్రమ్ము మాత్రం రెండు రోజుల ముందే ఖాళీ అయింది, ఫ్లోట్ స్విచ్ తన పని చేసింది. పంపును ఇన్వర్టర్ లైనుకు మార్చాక ఆ సమస్య తీరింది.

ఇప్పటివరకు: బయటికి 262 లీటర్లు, లోపలికి 260. ఉప్పు 9.9 కిలోలు.

ఐదో దశ: 90 అనే అంకె (131–165 రోజులు)

ఆల్కలినిటీ నిలపడానికి అంతవరకు వేస్తున్న వంటసోడాను (సోడియం బైకార్బొనేట్) పంపు బిగించిన రోజున ఆపేశాను. రోజూ కొత్త నీరు వస్తోంది కనుక అన్నీ దానితోనే చేరతాయని నమ్మాను. 86వ రోజున ట్యాంకు ఆల్కలినిటీ 8.1 నుంచి 6.3కి దిగింది. కొంత డ్రమ్ములోని పొర వల్లనే, కానీ డ్రమ్ము సరిచేశాక కూడా సోడా వేయకపోతే దిగుతూనే ఉంది. ఎందుకో తెలుసుకోవాలని 131వ రోజు నుంచి పది రోజులు ఏమీ వేయకుండా కొలిచాను. 8.0 నుంచి 7.4కి వచ్చింది, అంటే రోజుకు 0.06.

180ని 2తో భాగిస్తే 90. రోజూ ట్యాంకులో ఏది తగ్గినా, పెరిగినా, నీటి మార్పు ఒక్కదానినే నమ్ముకుంటే అది చివరికి కొత్త నీటి స్థాయి నుంచి, ఆ రోజువారీ తగ్గుదల లేదా పెరుగుదలకు 90 రెట్ల దూరంలో స్థిరపడుతుంది. ఈ ఒక్క గుణకంతో మూడు సంగతులు తేలిపోయాయి.

ఆల్కలినిటీ: 0.06ను 90తో గుణిస్తే 5.4. కొత్త నీటి 8.4 నుంచి అంత తగ్గితే 3.0. పగడాలు అక్కడ బతకవు. రాతి పగడాలు లేకపోయినా, రాళ్లపై పెరిగే ఊదారంగు కోరలైన్ నాచు, నత్తల పెంకులు ఈ మాత్రం వాడుకుంటాయి. కాబట్టి సోడా తప్పదు. ఈ ట్యాంకులో 1 డీకేహెచ్ పెంచడానికి 5.4 గ్రాముల సోడియం బైకార్బొనేట్ పడుతుంది, కనుక వారానికి 2.3 గ్రాములు చాలు. ఇంత తక్కువ మోతాదుకు మూడో డోసింగ్ తల అనవసరం. ఆదివారం డ్రమ్ము కలిపే రోజునే విడిగా గ్లాసు మంచినీటిలో కరిగించి, సంప్‌లో నీరు వేగంగా కదిలే చోట పోస్తున్నాను. డ్రమ్ములోనే కలిపితే మళ్లీ తెల్ల పొర కడుతుంది.

కాల్షియం: ఒక డీకేహెచ్ ఖర్చుకు కాల్షియం 7 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల్లో ఒక భాగం) వరకు ఖర్చవుతుంది. రోజుకు 0.43, దానికి 90 రెట్లు 39. కొత్త నీటిలో 420 ఉంది కనుక ట్యాంకు 380 దగ్గర ఆగుతుంది. ఇది ఇబ్బంది లేని స్థాయి, 146వ రోజు కొలత 390. ఒకే ఖర్చు ఆల్కలినిటీని ప్రమాదంలోకి నెట్టి కాల్షియాన్ని పెద్దగా కదిలించదు, ఎందుకంటే నీటిలో ఉన్న కాల్షియం నిల్వ దాని ఖర్చుతో పోలిస్తే చాలా పెద్దది. మెత్తటి పగడాల ట్యాంకులో చిన్న రోజువారీ మార్పుతో కాల్షియం డోసింగ్ మానుకోవచ్చు, ఆల్కలినిటీని మాత్రం మానుకోలేము.

నైట్రేట్: 46వ రోజున 25 పీపీఎం, 146వ రోజున 20. కొత్తగా ఏమీ పుట్టకపోతే వంద రోజుల మార్పుతో 8కి రావాల్సింది. మిగిలిన 12 మేత నుంచి పుట్టినదే. తిరగేసి లెక్కిస్తే రోజుకు 0.2 పుడుతోంది, దానికి 90 రెట్లు 18. ఎన్నేళ్లు ఇలాగే నడిపినా 18 కిందికి రాదు. దాన్ని 9కి తేవాలంటే రోజుకు 4 లీటర్లు మార్చాలి, లేదా మేత సగం చేయాలి. మొదటిదానికి నెలకు మరో 2.3 కిలోల ఉప్పు కావాలి, రెండోదానికి ఖర్చు లేదు. గడ్డకట్టిన మేతను కరిగించిన నీటితో సహా ట్యాంకులో పోసే అలవాటు మానేసి, జల్లెడలో కడిగి వేస్తున్నాను. రెండు పూటలను ఒక పూట చేశాను.

ఇప్పటివరకు: బయటికి 332 లీటర్లు, లోపలికి 330. ఉప్పు 12.5 కిలోలు, ఆపద మార్పు 3.8 కిలోలు విడిగా.

జులై 15 కొలతలు: లవణీయత 35, ఆల్కలినిటీ 7.9, కాల్షియం 390, నైట్రేట్ 15, ఉష్ణోగ్రత 26.8. ఈరోజు తూకంలో బయటి తల 2,046 గ్రాములు, లోపలి తల 2,021 గ్రాములు ఇచ్చాయి. పదిహేను రోజుల క్రితం లోపలి తల 2,044 ఇచ్చింది. గొట్టం మధ్యలో రోలర్లు నొక్కే చోట చదునుగా తెల్లబడింది. సమయం పెంచి సరిపెట్టకుండా రెండు తలల గొట్టాలనూ ఒకేసారి మార్చి, పది నిమిషాల తూకం మళ్లీ మొదటి నుంచి చేశాను. కొత్త గొట్టాలు మొదటి వారం కొంచెం సాగి సర్దుకుంటాయి కాబట్టి తరువాతి తూకం ఆగస్టు 1న కాకుండా జులై 22న.